చిత్రకథలో సిరా గీత

కథను చెవికే కాక కంటికి కూడ అందించు విద్య గోదావరీ తీరారణ్యములకు క్రొత్తది కాదు. భద్రాచలము, మణుగూరు ప్రాంతపు కోయలలో ఒక్కొక్క గట్టువారికి ఒక్కొక్క పడిగె గలదు. పడిగె యనగా త్రికోణాకారముగ నుండు గుడ్డ. ఆ గట్టు మూలపురుషుల రూపములు, వేల్పుల రూపములు, జంతువుల రూపములు దానిపై రంగు గుడ్డలతో కుట్టబడియో, కుంచెతో వ్రాయబడియో యుండును. కొలుపులనాడు డోలీవారు దానిని విప్పి, బొమ్మను చూపుచు, వంశవృత్తాంతమును పాడుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఆ గాథలను కోయభాషలోను తెలుగులోను పాడిన ప్రసిద్ధ గాయకుడు. 2022లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. 2024లో ఆయన కాలధర్మము నొందెను.

అడవి దాటి పడమటికి పోయినచో, పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల గ్రామమున, నకాషీలు వ్రాయు పటములు కనిపించును. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన పిదప దానిని అడ్డగళ్ళుగా విభజించి, గడికొక ఘట్టము చొప్పున పురాణమంతయు చిత్రింతురు. పటము నిడివి అరువది అడుగులకు మించుటయు కలదు. కాకిపడగలవారు, కూనపులివారు మొదలగు కథకులు దానిని చుట్ట విప్పుచు, గడి వెంట గడి చూపుచు రాత్రులు కథ నడిపెడివారు. ఈ పటములలో నేల ఎఱ్ఱన. రంగులన్నియు నింపిన పిమ్మట చిట్టచివర నల్లని గీతతో కన్ను, ముక్కు, నగ, చీర అంచు తీర్చుదురు. ఆ నల్లగీత పడువరకు ఆ రూపములు రంగు మచ్చలే. అది పడిన తోడనే ఎవరు రాజో ఎవరు భటుడో తెలియును.

గడులు, గడికొక ఘట్టము, తుది నల్లగీత. నేడు పిల్లలు గ్రంథాలయమున ఎగబడి చదువు చిత్రకథల పుస్తకమునకును లక్షణములు ఇవియే. భేదము ఒక్కటి గలదు. అది చిన్నది కాదు. పటము ఒక్కటే ప్రతి. కథకుడు దానిని భుజముపై మోసికొని ఊరూర తిరుగవలెను. పత్రికలోని పుట వేలకొలది ప్రతులుగా తానే ఊరూర తిరుగును. అట్లు తిరుగుటకై బొమ్మ మొదట అచ్చు యంత్రమునకు నచ్చవలెను, తరువాతనే పాఠకునకు నచ్చవలెను. చిత్రకథాకారుని సిరా గీత ఏల లావుగానో, ఏల సన్నముగానో యుండును, ఒకచోట నలుపు ఏల నిండియుండును అను ప్రశ్నలకు సగము సమాధానము కళలో గలదు. తక్కిన సగము జింకు పలకలోను, చౌక కాగితములోను గలదు.

తెలుగు పత్రికలలో బొమ్మ కుదురుకొన్న కథ మదరాసు నగరముతో ముడిపడి యున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మదరాసున దినపత్రిక అయ్యెను. 1924లో ఆయనయే భారతి మాసపత్రికను వెలయించెను. తెలుగు వ్యంగ్యచిత్రమునకు ఆద్యుడని పేరుగాంచిన తలిశెట్టి రామారావు బొమ్మలు ఆ పత్రికలలోనే వెలువడెను. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి చందమామను ప్రారంభించిరి.

ఆ సంవత్సరమున ఖమ్మము ఒక ప్రభుత్వమునందు, భద్రాచలము మరియొక ప్రభుత్వమునందు ఉండెను. ఖమ్మము నైజాము రాజ్యములోని వరంగల్లు జిల్లాలోనిది. భద్రాచలము తాలూకా మదరాసు రాష్ట్రమునకు చెందిన తూర్పు గోదావరి జిల్లాలోనిది. 1953లో ఖమ్మము వేరు జిల్లా అయ్యెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు అందులో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. పాలకులు మారినను, హద్దులు జరిగినను, నదికి రెండు దరుల పిల్లలకు చందమామ బొమ్మలు ఉమ్మడి ఆస్తియే.

అట్టి బొమ్మల పుట ఎట్లు తయారగునో పాఠకులలో పలువురకు తెలియదు. అచ్చులో చూచిన పరిమాణముననే చిత్రకారుడు గీయునని తలంచుట సహజము. సాధారణముగ అతడు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీయును. పది అంగుళముల ఎత్తున అచ్చు కావలసిన పుటకు పదునైదు అంగుళముల ఎత్తు గల దళసరి కాగితమును తీసికొనును. కెమెరా దానిని కుదించునప్పుడు చేతి వణకు, అంచుల గరుకు అణగిపోయి గీత శుభ్రపడును. ఈ లాభము వెంట ఒక నష్టము కూడ వచ్చును. గీత లావు మూడింట ఒక వంతు తగ్గును. కాగితముపై ముచ్చటగా కనుపించిన వెండ్రుక వంటి గీత పలకపై తెగిపోవచ్చును. కావున అనుభవము గల చిత్రకారుడు ఎదుటనున్న గీతను చూచుచు, అది కుదించుకొనిపోయిన రూపమును మనస్సులో చూచుచు పని చేయును. భూతద్దమునకు వ్యతిరేకముగ చూపించు అద్దమును కొందరు దగ్గర నుంచుకొందురు.

మొదట కథను విడగొట్టవలెను. ఒక పుటకు ఆరు గడులనుకొందము. ఏ క్షణమును గడిలో బంధించవలెను, ఏ క్షణమును రెండు గడుల నడిమి తెల్లని సందులో విడిచిపెట్టవలెను అనునదే అన్నిటికంటె కష్టమైన నిర్ణయము. వేటగాడు విల్లు ఎక్కుపెట్టుట ఒక గడి, జింక పడియుండుట మరియొక గడి. బాణము పోయిన దారి పాఠకుని ఊహలోనిది. పటము చూపు కథకుడు ఈ సందును తన గొంతుతో నింపును. అచ్చు పుటలో గొంతు లేదు కావున విభజనయే గొంతు కావలెను. తెలుగు చదువువాని కన్ను ఎడమనుండి కుడికి పోవును గనుక, మొదట మాట్లాడువానిని ఎడమ వైపున నిలుపవలెను. ఈ చిన్న సూత్రమును మరచినచో ప్రశ్నకు ముందే సమాధానము వినవచ్చును.

పెన్సిలుతో రూపములు కుదిరిన పిదప సిరా వంతు. వాడునది మామూలు వ్రాత సిరా కాదు. దీపపు మసిని జిగురుతో నూరి చేయు చిక్కని నల్లసిరా. మసిని ఎరుగని ఇల్లు పూర్వము లేదు. తాటాకుపై గంటముతో గీచిన అక్షరము కంటికి ఆనుటకై మసి పూయుట మన పెద్దల అలవాటే. నీటికి చెదరని సిరా కావలెనన్న అందులో లక్క చేర్తురు. ఈ నలుపునకు అచ్చులో ఒక ప్రత్యేకత గలదు. గీతబొమ్మలను తీయు కెమెరా పలకకు నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయ అక్కరలేదు. బూడిదరంగు సిరాతో మెత్తగా పూసిన నీడను అది నలుపుగనైన తీసికొనును, లేనిదిగనైన విడిచిపెట్టును. మరియొక విచిత్రము: ఆ పలకకు ఎఱ్ఱరంగు నలుపువలె, లేత నీలిరంగు తెలుపువలె తోచును. అందుచేతనే చిత్రకారులు తమ గుర్తులను లేత నీలి పెన్సిలుతో వ్రాసికొందురు. అవి కాగితముపై నిలిచియే యుండును, అచ్చులో మాయమగును.

గడుల చుట్టుగీతలు, మాటలు మొదట సిరాకెక్కించుట మేలు. మాటకు చోటు మిగుల్చని బొమ్మ తరువాత చిక్కు తెచ్చును. తెలుగు లిపికి ఈ చిక్కు మరింత ఎక్కువ. ఇంగ్లీషు పెద్దక్షరములన్నియు ఒకే ఎత్తున వరుసగా నిలుచును. మన అక్షరమునకు పైన గుడి, క్రింద ఒత్తు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకకుండవలెనన్న పంక్తుల నడుమ ఎడము పెంచవలెను. ఎడము పెంచినచో మాటల బుడగ ఉబ్బి బొమ్మను మ్రింగును. విదేశ చిత్రకథలను తెలుగు చేసినప్పుడు బుడగలలో అక్షరములు చీమల బారులవలె ఇరుకుకొని యుండుటకు కారణము ఇదియే. ఆ బుడగలు మన లిపికై కొలిచినవి కావు.

తరువాత పాళీ, కుంచె. ఉక్కుపాళీ మెత్తగ నొక్కినచో సన్నగీత, గట్టిగ నొక్కినచో చీలిక విచ్చుకొని లావుగీత వచ్చును. అది క్రిందికి, ప్రక్కకు హాయిగా నడచును. పైకి త్రోసినచో కాగితమును గీరి సిరా చిమ్మును. కనుక చేయిని త్రిప్పుటకు బదులు కాగితమునే త్రిప్పుచుందురు. కుంచె మొన సూదివలె నిలుచునదై యుండవలెను. ఒక్క తోపులో సన్నముగ మొదలై, నడుమ బలిసి, తిరిగి సన్నమగు గీత దాని సొత్తు. ముఖములు, వ్రేళ్ళు పాళీతోను, వస్త్రముల ముడుతలు, జుట్టు, చెట్ల బెరడు కుంచెతోను తీర్చుట పలువురి పద్ధతి. వెలుగు పడువైపు గీత పలుచన, నీడవైపు లావు. దగ్గరి వస్తువునకు లావు, దూరపు కొండకు పలుచన. ఇంతమాత్రము పాటించినను చదునైన కాగితమున లోతు పుట్టును.

నీడలకై ప్రక్కప్రక్కన గీయు సన్నగీతల వరుసలలోనే చేయి తిరిగినవాడెవడో తెలిసిపోవును. వరుసల నడుమ ఎడము చాలనిచో, మందపు అచ్చు సిరా చౌక కాగితమున వ్యాపించి ఆ చోటంతయు నల్లముద్ద యగును. ముద్ద కావలసినచోట కావలెననియే నలుపు నింపుట వేరు విద్య. అమెరికాలో 1934లో ప్రారంభమైన ‘టెర్రీ అండ్ ది పైరేట్స్’ చిత్రకథలో మిల్టన్ కానిఫ్ కుంచెతో పెద్ద పెద్ద నల్లని నీడలను నింపి, సన్నగీతల శ్రమను తగ్గించి, రాత్రిని, వానను, భయమును చూపెను. బెల్జియము దేశపు ఎర్జే 1929లో మొదలిడిన టిన్‌టిన్ కథలలో దీనికి ఎదురుదారి త్రొక్కి, నీడలను తగ్గించి, శుభ్రమైన గీతతోనే పుట నడిపెను. రెండును అచ్చును ఎరిగిన దారులే. అమెరికా పుస్తకములలో పెన్సిలు గీయువాడు ఒకడు, సిరా దిద్దువాడు మరియొకడు, అక్షరములు వ్రాయువాడు వేరొకడు అగుట వాడుక. తెలుగు పత్రికలలో ఈ పనులన్నియు తరచు ఒక్క చేతివే.

అడవిని గీయుట ఈ విద్యలో పెద్ద పరీక్ష. ఆకు వెంట ఆకు గీయబూనినవాడు పుటను పాడుచేసికొనును. టేకు ఆకు వెడల్పైనది, వెదురు ఆకు ఈటె మొనవంటిది. ముందున్న నాలుగు ఆకులను నిజముగ గీసి, వెనుకనున్నవాటిని గుంపులుగ, నీడలుగ విడిచిపెట్టినచో అడవి పలుకును. మన పత్రికలలో కొందరు విదేశ చిత్రకథలను చూచి గీసిన అడవులలో ఊడలు ఉయ్యాలలై వ్రేలాడును, సింహములు తిరుగును. కిన్నెరసాని ఒడ్డున పెరిగిన పిల్లవాడు ఆ బొమ్మను చూచి నవ్వుకొనును. అతని అడవిలో ఇప్పచెట్టు గలదు, బీడీ ఆకు గలదు, సింహము లేదు.

సిరా ఆరిన పిదప పెన్సిలు గీతలను రబ్బరుతో చెరిపి, తప్పులపై తెల్లరంగు పూయుదురు. నల్లనిచోట క్షురపు బ్లేడుతో గీరి వాన ధారలను రప్పింతురు. పండ్లకుంచెను తెల్లరంగులో ముంచి వ్రేలితో మీటి నక్షత్రములను చల్లుదురు. ఈ సులువులు చిన్నవే, కాని పిల్లలను మురిపించునవి తరచు ఇవియే.

ఇక పుట చిత్రకారుని చేయి దాటి అచ్చుకూటమునకు పోవును. దానిని కెమెరాతో పట్టి, ఆ ప్రతిబింబమును వెలుగు తగిలిన గట్టిపడు పూత పూసిన జింకు పలకపైకి దింపుదురు. గీత ఉన్నచోట పూత నిలుచును. తక్కినచోట కడుగుకొని పోవును. పిదప పలకను నత్రికామ్లములో ఉంచగా, రక్షణ లేని లోహము కరగి పల్లమగును, గీతలు గట్టులై నిలుచును. ఆమ్లము క్రిందికే కాక ప్రక్కలకు కూడ తినుచుండును. గీత కాలు తెగిపోకుండ మధ్యమధ్య పలకను తీసి, గీతల ప్రక్కలకు ఎఱ్ఱని రాళపొడి అద్ది, వేడిచేసి కరగించి, తిరిగి ఆమ్లములో వేయుదురు. తుదకు ఆ పలకను కొయ్యదిమ్మెపై బిగించి, సీసపు అక్షరముల ఎత్తునకు, అనగా 0.918 అంగుళమునకు, సరిగా వచ్చునట్లు చేయుదురు. అదియే బ్లాకు. అక్షరములును బ్లాకును ఒకే చట్రమున బిగించి ఒకేసారి అచ్చొత్తుదురు. ఛాయాచిత్రములకు చుక్కల బ్లాకు వేరుగ గలదు; వార్తాపత్రిక కాగితమునకు అంగుళమునకు 65 వరుసల ప్రాంతము, నునుపు కాగితమునకు 133 వరుసల ప్రాంతము చుక్కలు వాడుదురు. గీత బ్లాకు దానికంటె చౌక, గరుకు కాగితమునకు అనువైనది. పిల్లల పత్రిక తక్కువ వెలకు అందుటలో ఈ నల్లగీతకు భాగము గలదు.

రంగు కావలెనన్న రంగునకొక బ్లాకు. మూలలనుంచిన కూడిక గుర్తులు ఒకదానిపై నొకటి సరిగా పడినప్పుడే రంగు తన హద్దులో నిలుచును. వెండ్రుకవాసి తప్పినచో రాణి పెదవి ఎఱుపు చెంపపైకి జారును. పాత సంచికలు చూచినవారికి ఈ వింత పరిచితమే.

చందమామ చిత్రకారులు ఈ నియమముల నడుమనే తమ తమ ముద్రలను నిలుపుకొనిరి. చిత్ర అను పేర గీసిన రాఘవన్ తొలికాలమువాడు. ఎం. టి. వి. ఆచార్య 1950ల దశకమున మహాభారత ఘట్టములను ముఖచిత్రములుగ తీర్చెను. శ్రీకాకుళములో 1921లో జన్మించిన వడ్డాది పాపయ్య, వ.పా. అను రెండక్షరముల సంతకముతో, ముఖచిత్రములలో రంగుల మెత్తదనమును చూపెను. ఆయన బలము రంగు. కె. సి. శివశంకరన్, పాఠకుల శంకర్, 1952లో చందమామలో చేరెను. కత్తి చేతబట్టి, శవమును భుజమున వేసికొని శ్మశానమున నడచు విక్రమార్కుని రూపము ఆయన గీతతోనే లోకమున స్థిరపడెను. ఆయన 2020లో, తొంబదియారేండ్ల వయస్సున, పరమపదించెను. వీరి బొమ్మలలో మాటలు లేకుండుటచే, ఒకే బొమ్మ ప్రక్కన తెలుగు, తమిళము, కన్నడము, హిందీ ఏ భాష అచ్చైనను సరిపోయెను. తెలుగు లిపికి బుడగలో చోటు చాలని చిక్కు అక్కడ తలయెత్తలేదు.

ఆ చిక్కును మరియొక రీతిగా గెలిచినవాడు బాపు. నరసాపురమున 1933 డిసెంబరు 15న జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణయే బాపు. ముళ్ళపూడి వెంకటరమణ వ్రాసిన బుడుగునకు రూపము నిచ్చినది ఆయన గీత. ఆయన అక్షరమును కూడ బొమ్మగనే భావించెను. గుడి, దీర్ఘము, ఒత్తు ఆయన చేతిలో వంగి, వాలి, ఒకదాని కొకటి దారి యిచ్చుకొనును. ఆ చేవ్రాత తరువాత కంప్యూటరు అక్షరములుగ మారి, నేటి శుభలేఖలలో కూడ కనిపించుచున్నది. ఆయన మితవ్యయము మరింత ముచ్చటైనది. నాలుగు గీతలతో జడ, రెండు గీతలతో కోపము. పలకపై తెగిపోవు సన్నగీతకు గాని, ముద్దయగు దట్టపు నీడకు గాని ఆ బొమ్మలలో చోటు తక్కువ. ఎంతటి చౌక కాగితమైనను వాటిని చెరుపలేదు.

చలనచిత్ర దర్శకుడైన పిదపను ఆయన ఈ అలవాటును విడువలేదు. దృశ్యమును చిత్రీకరించుటకు ముందే గడులుగ గీసికొనెడివాడు. నటుడు ఎచట నిలువవలెను, కెమెరా ఎంత దూరమున ఉండవలెను అను సంగతులు ఆ గడులలోనే తేలెడివి. 1973లో వచ్చిన అందాల రాముడు కథ గోదావరిపై భద్రాచలమునకు సాగు పడవ ప్రయాణము. పడిగెలు విప్పిన సీమకే, గడులలో ఆలోచించు చిత్రకారుడు కెమెరాతో వచ్చుట ఒక సొగసైన యోగము. 2014 ఆగస్టు 31న బాపు చెన్నై నగరమున కన్నుమూసెను.

ఇంత శ్రమతో పుట్టిన సిరా పుటకు పత్రికా కార్యాలయములలో తరచు ముడిసరుకు విలువయే ఉండెడిది. బ్లాకు తయారైనంతనే అసలు బొమ్మతో పని తీరెను. అచ్చు ముగిసినంతనే బ్లాకుతో పని తీరెను. జింకునకు వెల గలదు గనుక పాత బ్లాకులు లోహపు తూకమునకు పోవుట అచ్చుకూటములలో మామూలు. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చిన పిదప బ్లాకుల అవసరమే తీరిపోయెను. నేటి చిత్రకారులలో పలువురు కంప్యూటరు పలకపై గీయుదురు. పాళీ నొక్కుడును, కుంచె వాలుటను యంత్రమే అనుకరించును, చిమ్మిన సిరాను ఒక్క మీటతో వెనుకకు తీసికొనవచ్చును. చందమామయు 21వ శతాబ్ది రెండవ దశకమున ఆగిపోయెను. పాత సంచికలను కొందరు అభిమానులు కంప్యూటరులోనికి ఎక్కించుట మేలే అయినను, కాగితముపై సిరా ఎంత పీల్చుకొన్నదో, గీత ఎచట తెగినదో చూడవలెనన్న అచ్చు ప్రతి కావలెను.

అసలు బొమ్మయు బ్లాకును పోయినచోట ఆ చేతిపనికి మిగిలిన ఆనవాలు అచ్చైన సంచికయే. అది నిలిచియున్న చోట్లలో పల్లెటూరి గ్రంథాలయముల బీరువాలు ముఖ్యమైనవి. సంవత్సరమునకు పన్నెండు సంచికలను కలిపి అట్టకట్టించునప్పుడు కుట్టు లోపలికి పడి పుట ప్రక్కనున్న బొమ్మ సగము దాగిపోవును. అంచులు కోయునప్పుడు మూలనున్న సంతకము తెగిపోవును. సంతకము తెగినచో గీసినవాడెవడో తేల్చుట గీత నడకను చదువగలవారికే సాధ్యము. చెదపురుగును మించిన శత్రువు మరియొకటి గలదు: బొమ్మను బ్లేడుతో కోసి ఇంటి గోడకు అంటించు పాఠకుని ప్రేమ. అట్టి ప్రేమకు గురియైన సంపుటములలో తరచు కథ మిగులును, దాని నడుమ చదరపు కిటికీ ఒకటి తెరచియుండును, ఆ కిటికీలోనుండి తరువాతి కథ కనిపించును.